నోరు తిరగడానికి మాల్టా దాకా వెళ్లాలా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 28 ఏళ్లు. ఉండేది కూర్మన్నపాలెం. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ అస్యూరెన్స్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు), డీవియేషన్ రిపోర్టులు (ఆ పద్ధతి తప్పినప్పుడు రాసేవి) ఇంగ్లీషులో నేనే రాస్తాను. మాట్లాడమంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. మొన్న కంపెనీ తనిఖీకి విదేశీ ఆడిటర్ వచ్చినప్పుడు నేను రాసిన రిపోర్టు గురించే అడిగాడు. జవాబు నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపు మా మేనేజర్ నా చేతిలో ఫైలు తీసుకుని తనే చెప్పేశారు. అదీ సగం తప్పు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, యూరప్‌లో చిన్న ద్వీప దేశమైన మాల్టాలో పన్నెండు వారాల ఇంగ్లీషు కోర్సు చేస్తే ఫ్లూయెన్సీ వచ్చేస్తుంది, అక్కడ పార్ట్‌టైమ్ పని కూడా చేసుకోవచ్చు అన్నారు. లేదంటే లండన్ అన్నారు. నా దగ్గర మూడున్నర లక్షలు ఉన్నాయి, మిగతాది లోను తీసుకోగలను. కంపెనీ నెలకు మించి సెలవు ఇవ్వదు, కాబట్టి రాజీనామా చేయాలి. అమ్మేమో ఆ డబ్బు పెళ్లికి దాచుకోమంటోంది. వెళ్లమంటారా, వద్దంటారా?
— పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు:

పన్నెండు వారాలు వద్దు. రాజీనామా అసలే వద్దు. లోను మాట ఎత్తకండి. నాలుగు వారాలకైతే వెళ్లొచ్చు. అది కూడా ఇప్పటికిప్పుడు కాదు, ఆ కన్సల్టెన్సీ గీసిచ్చిన ప్లానులో అంతకన్నా కాదు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "అదీ సగం తప్పు" అన్నది. ఆడిటర్ అడిగింది మీకు అర్థమైంది. మేనేజర్ చెప్పింది అర్థమైంది. అందులో ఎక్కడ తప్పు దొర్లిందో నిలబడ్డ చోటే పట్టుకున్నారు. ఇంగ్లీషు రానివాళ్లకు ఇది సాధ్యం కాదు. మీకు లేనిదల్లా నోటికి అలవాటు. ఆరేళ్లుగా మీ ఇంగ్లీషు అంతా చేతుల్లోంచి నేరుగా కంప్యూటర్‌లోకి పోయింది. ఇంట్లో తెలుగు, కంపెనీ బస్సులో తెలుగు, ల్యాబ్‌లో తెలుగు, క్యాంటీన్‌లో తెలుగు. ఏడాదికి రెండు మూడు రోజులు మాత్రం, అదీ ఉద్యోగంలో అన్నిటికంటే టెన్షన్‌గా ఉండే రోజుల్లో, ఒక్కసారిగా ఇంగ్లీషులో మాట్లాడమంటారు. గొంతు పట్టేయక ఏమవుతుంది?

కాబట్టి మీరు డబ్బు పోసి కొనాల్సింది మాట్లాడే నిమిషాలు. ఏ దేశం, ఏ స్కూలు, ఎన్ని వారాలు అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క లెక్కతో చూడండి: పెట్టిన రూపాయికి నా నోరు ఎంతసేపు ఆడుతుంది? ఈ లెక్క వేస్తే కన్సల్టెన్సీ బ్రోచర్‌లో మీకు చూపించిన సముద్రం, పసుపు రంగు రాతి మేడలు పక్కకు తప్పుకుంటాయి. సముద్రం మనకు కొత్త కాదు కదా.

మామూలు గ్రూపు కోర్సులో వారానికి 20 పాఠాలు ఉంటాయి. పాఠం అంటే చాలా స్కూళ్లలో గంట కాదు, 45 నిమిషాలు. అంటే వారానికి 15 గంటలు. క్లాసులో 12 నుంచి 15 మంది కూర్చుంటారు. సగం సమయం టీచరే మాట్లాడారనుకోండి, మిగిలిన ఏడున్నర గంటలు అందరూ పంచుకోవాలి. మీ వాటాకి వారం మొత్తానికి వచ్చేది 30 నుంచి 40 నిమిషాలు. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది, నిజమే. కానీ అప్పుడు మీ ఎదుట ఉండేది మీలాగే తడుముకునే మనిషి.

ఇంకో లెక్క. భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్‌లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు పెట్టుకున్నారు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కడానికి దాదాపు 200 గంటల చదువు కావాలని కేంబ్రిడ్జి పరీక్షల వాళ్లు చెప్పే అంచనా. పన్నెండు వారాలు ఒక్క రోజు కూడా మానకుండా వెళ్తే 180 గంటలు. అంటే ఉద్యోగం వదులుకుని, లోను తీసుకుని, మూడు నెలలు ఉండి వస్తే మహా అయితే ఒక మెట్టు. "ఫ్లూయెన్సీ వచ్చేస్తుంది" అన్న మాటని ఈ 180 పక్కన పెట్టి చూసుకోండి.

క్లాసులో మీకు ఎదురయ్యే అసలు ఇబ్బంది వేరే ఉంది. మొదటి రోజు ఒక పరీక్ష పెట్టి స్థాయిని బట్టి క్లాసు కేటాయిస్తారు. కాగితం మీద పరీక్షలో మీరు దంచేస్తారు, గ్రామర్ మన బడుల్లో బాగానే నూరిపోస్తారు. దాంతో పై క్లాసులో వేస్తారు. అక్కడ బ్రెజిల్ నుంచో కొలంబియా నుంచో వచ్చిన కుర్రాడు నిన్న జరిగింది కూడా వర్తమాన కాలంలో చెప్పేస్తూ, మాట దొరక్కపోతే చేతులు ఊపేస్తూ, ఆగకుండా పది నిమిషాలు మాట్లాడతాడు. మీకు అతని తప్పులన్నీ వినిపిస్తాయి. మీ వాక్యాన్ని మనసులో దిద్దుకునేలోపు టీచర్ ఇంకొకరిని అడిగేస్తారు. మీ మేనేజర్ ఫైలు తీసేసుకున్నారే, అదే సీను, ఈసారి యూరోలు కట్టి మరీ. అందుకే ముందే స్కూలుకి మెయిల్ రాయండి: రాత వచ్చు, మాట రాదు, మాట్లాడించి చూసి క్లాసు వేయండి అని. మొదటి రెండు రోజుల్లో కుదరలేదనిపిస్తే మార్చమని అడగండి. మొహమాటపడితే వారం గడిచిపోతుంది.

మరి విదేశం వెళ్లి లాభం లేదా అంటే, ఉంది. అది క్లాసు అయిపోయాక మొదలవుతుంది. మధ్యాహ్నానికల్లా స్కూలు వదిలేస్తారు. అక్కడి నుంచి నిద్రపోయేదాకా మీరేం చేస్తారన్నదే మీ మూడున్నర లక్షల ప్రశ్న. చాలామంది గదికి వచ్చి అన్నం వండుకుంటారు, ఇంటికి వీడియో కాల్ చేస్తారు, సాయంత్రానికి తెలుగువాళ్లని వెతుక్కుంటారు. లండన్‌లో ఈస్ట్‌హామ్ వైపు దిగితే మన దోశ, మన బిర్యానీ, మన కుర్రాళ్లు షేరింగ్‌కి ఇచ్చే గదులు అన్నీ దొరుకుతాయి. కడుపు చల్లగా ఉంటుంది గానీ నోరు కూర్మన్నపాలెంలోనే ఉండిపోతుంది. వాళ్లని తప్పుపట్టడం లేదు. చదువుకి, ఉద్యోగానికి వెళ్లినవాళ్లకి ఆ తోడు కావాలి. నెలరోజుల కోసం వెళ్లే మీకు మాత్రం అది విషం.

హోమ్‌స్టే తీసుకోండి. అంటే స్కూలు ఎంపిక చేసిన ఒక స్థానిక కుటుంబం ఇంట్లో గది. పొద్దున టిఫిను, రాత్రి భోజనం వాళ్లే పెడతారు. బ్రిటన్‌లో రాత్రి భోజనమంటే మన తొమ్మిదిన్నర కాదు, సాయంత్రం ఆరు, ఆరున్నర. బల్ల దగ్గర ఆ ఇంటావిడ, మీరు, ఒక్కోసారి ఇంకో దేశపు పిల్ల. "ఈరోజు ఎలా గడిచింది?" అని అడుగుతుంది. "బాగుంది" అని ఊరుకుంటే కథ అక్కడితో సరి. బస్సు ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి. మన ఇళ్లలో వంకాయ ఎన్ని రకాలుగా వండుతారో చెప్పాలి. గదిలో హీటర్ వేడెక్కడం లేదని ఆవిడ నొచ్చుకోకుండా చెప్పాలి. ఎస్‌ఓపీల్లో ఎక్కడా రాయని వాక్యాలివి. మొదటి వారం చెమటలు పడతాయి. తర్వాత ఒక రోజు వాక్యం మధ్యలో తప్పు పోయిందని మీకే తెలుస్తుంది, అయినా ఆగకుండా పూర్తి చేస్తారు. నెల రోజుల్లో మీకు కావలసింది ఆ ఒక్క మార్పే. శాకాహారులైతే, లేదా ఏమేం తినరో, బుకింగ్ అప్పుడే వివరంగా రాయండి. గుడ్డు తింటారా లేదా అన్నది కూడా రాయాలి, అక్కడ శాకాహారంలో గుడ్డు ఉంటుంది.

ఇక కన్సల్టెన్సీ వాళ్ల మాటలు. పన్నెండు వారాలే ఎందుకన్నారంటే, నా అనుమానం ఇది: పన్నెండు వారాలంటే 84 రోజులు. మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోది. ఆ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ గీత దాటకుండా అమ్మగలిగినంత పెద్ద ప్యాకేజీ అది. పార్ట్‌టైమ్ పని అన్నది పచ్చి అబద్ధం. 90 రోజుల్లోపు కోర్సుకి వెళ్లినవాళ్లకు అక్కడ పనిచేసే హక్కు లేదు. "చేతికి క్యాష్ ఇస్తారు, ఎవరూ అడగరు" అని కూడా చెవిలో చెబుతారు. దొరికితే వెనక్కి పంపేస్తారు, తర్వాత ఏ దేశం వీసాకి పెట్టుకున్నా అది అడ్డొస్తుంది. రేపు కంపెనీయే మిమ్మల్ని బయటి దేశానికి పంపే రోజు రావచ్చు, చేజేతులా పాడుచేసుకోకండి.

లండన్ సంగతీ అంతే. బ్రిటన్‌లో ఆరు నెలల్లోపు ఇంగ్లీషు కోర్సుకి స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది, స్కూలుకి గుర్తింపు ఉండాలి. ఆరు నుంచి పదకొండు నెలల ఇంగ్లీషు కోర్సులకు వేరే వీసా ఉంది. రెండింటి మీదా పని కుదరదు. గుర్తింపు ఉందో లేదో కన్సల్టెన్సీని అడగక్కర్లేదు, బ్రిటిష్ కౌన్సిల్ గుర్తించిన స్కూళ్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మాల్టాలో స్కూలుకి లైసెన్సు ఉందా అని చూడాలి. అమెరికా ఎవరైనా చెబితే వదిలేయండి. అక్కడ వారానికి 18 గంటలూ అంతకుమించి క్లాసులుంటే స్టూడెంట్ వీసానే కావాలి, నెల రోజుల పనికి అంత తతంగం అనవసరం.

వీసా ఆఫీసర్ మనసులో ఉండే అనుమానం ఒకటే: ఈమె తిరిగి వస్తుందా? పెళ్లి కాని 28 ఏళ్ల అమ్మాయి, ఉద్యోగం మానేసింది, బ్యాంకులో ఉన్నదంతా ఈ ప్రయాణానికే, పైన లోను. ఈ ఫైలు మీ టేబుల్ మీదకు వస్తే మీరే సంతకం పెట్టరు. అదే ఫైలులో ఆరేళ్ల సర్వీసు, జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సెలవు మంజూరు చేశాం, తిరిగి డ్యూటీలో చేరతారు" అని కంపెనీ లెటర్‌హెడ్ మీద కాగితం ఉంటే కథ వేరు. రాజీనామా చేస్తే ఉద్యోగమే కాదు, వీసాకి ఉన్న గట్టి కాగితం కూడా పోతుంది. వీసా గ్యారంటీ అన్నవాళ్ల మాట వినకండి, నీళ్లలో గేదెను పెట్టి ఒడ్డున బేరమాడే రకం అది. ఫీజు ఏజెంటు చేతికి కాకుండా బ్యాంకు ద్వారా స్కూలు ఖాతాకే పంపండి. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో, ఎంత కోసుకుంటారో స్కూలు రాతపూర్వకంగా చెప్పాకే కట్టండి.

ఇప్పుడు ఎక్కడికి అన్నది. మీ ఉత్తరంలో మాల్టా, లండన్ రెండే ఉన్నాయి. నేనైతే ముందు ఫిలిప్పీన్స్ చూడమంటాను. ఆశ్చర్యపోకండి. అక్కడ ఫిలిపినోతో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాషే. సెబు, బాగియో అనే ఊళ్లలో కొరియా, జపాన్ విద్యార్థుల కోసం నడిచే ఇంగ్లీషు స్కూళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి ప్రత్యేకత ఏమిటంటే రోజుకి నాలుగైదు పాఠాలు ఒక టీచరు, ఒక విద్యార్థి పద్ధతిలో సాగుతాయి. చిన్న క్యాబిన్, మధ్యలో బల్ల, అటు టీచరు, ఇటు మీరు. తప్పించుకోవడానికి పక్కన ఇంకొకరు ఉండరు. ఇందాకటి లెక్క వేయండి: 45 నిమిషాల పాఠంలో సగం మీదే అనుకున్నా, నాలుగు పాఠాలకి రోజుకి గంటన్నర. యూరప్‌లో గ్రూపు క్లాసులో రెండు మూడు వారాలకి వచ్చేది అక్కడ ఒక్క రోజులో వస్తుంది. పైగా పాఠం మీ ఇష్టం. "నన్ను ఆడిటర్‌లా ప్రశ్నలు అడగండి" అంటే అదే అడుగుతారు. ఒక్క జాగ్రత్త: కంపెనీ కాగితం ఒక్కటి కూడా తీసుకెళ్లకండి. మీరే ఒక ఉత్తుత్తి డీవియేషన్ అల్లుకుని వెళ్లండి.

లోటుపాట్లూ ఉన్నాయి. హోమ్‌స్టే అరుదు, స్కూలు హాస్టల్లోనే ఉండాలి. గేటు దాటితే వినిపించేది వాళ్ల భాషలే. క్యాంటీన్‌లో కొరియా వంట, పంది మాంసం ఎక్కువ. చేపలు తినేవాళ్లయితే గడిచిపోతుంది, శాకాహారులకు కష్టం. నాలుగు వారాలకు మనవాళ్లు ముందే వీసా తీసుకోవాలి, అది కాక అక్కడి ఇమిగ్రేషన్ ఇచ్చే స్పెషల్ స్టడీ పర్మిట్ స్కూలు ద్వారా తీసుకోవాలి. అది లేకుండా టూరిస్టుగా వచ్చి చదువుకోవచ్చు అనే స్కూలు జోలికి పోవద్దు. చదువు, హాస్టల్, భోజనం, విమానం అన్నీ కలిపి సుమారు రెండు లక్షలు, కాస్త అటూ ఇటూ అనుకోండి.

మాల్టాకే మనసు లాగితే అదేం పాపం కాదు. ఇంగ్లీషు అక్కడా అధికార భాషే, 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం, బండ్లు మనలాగే ఎడమ పక్క నడుస్తాయి. ఇళ్లలో మాత్రం మాల్టీస్ మాట్లాడుకుంటారు. జులై, ఆగస్టుల్లో ఇటలీ, స్పెయిన్ నుంచి స్కూలు పిల్లలు గుంపులుగా దిగుతారు. ధరలు పెరుగుతాయి, క్లాసులు నిండిపోతాయి, ఎండ మన మే నెలను గుర్తుచేస్తుంది. ఏప్రిల్, మే లేదా అక్టోబర్ మంచిది. కోర్సు ఫీజు, హోమ్‌స్టే కలిపి నాలుగు వారాలకు రెండు వేల యూరోల చుట్టూ తేలుతుంది. యూరో వంద రూపాయలనుకున్నా రెండు లక్షలు. విమానం, వీసా, బీమా, చేతి ఖర్చు కలుపుకుంటే మీ మూడున్నర లక్షల్లో సరిపోతుంది, కానీ ఏమీ మిగలదు. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోలకు మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్రిటన్ ఇంకా ప్రియం, నాలుగు లక్షలు దాటుతుంది. అక్కడికే వెళ్తానంటే లండన్ వద్దు, బోర్న్‌మత్ లాంటి సముద్రపు ఊరు చూసుకోండి. రెండు చోట్లా గ్రూపు పాఠాలు తగ్గించి, వారానికి ఐదో పదో విడి పాఠాలు కలిపిన కోర్సు అడగండి.

ఇదంతా ఆర్నెల్ల తర్వాతి మాట. ముందు ఇక్కడ చేయాల్సింది ఉంది. నోరు పెగలకుండా వెళ్తే మొదటి రెండు వారాలు అక్కడ సర్దుకోవడానికే పోతాయి, అంటే సగం డబ్బు.

అమెరికాలో మందుల నాణ్యతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు కంపెనీలకు ఇచ్చే వార్నింగ్ లెటర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచే ఉంటాయి. మీ పని గురించి మీ ఆడిటర్లు ఏ భాషలో ఆలోచిస్తారో వాటికన్నా బాగా ఏ స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకమూ చెప్పదు. రోజుకి ఒక పేరా పైకి చదవండి. లెటర్ మూసేసి, అందులో ఏం జరిగిందో, కంపెనీ ఏం చేసి ఉండాల్సిందో ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేయండి. కూర్మన్నపాలెం నుంచి పరవాడ దాకా బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దాన్నే వినండి. మొదట్లో మీ గొంతు మీకే నచ్చదు, ఎవరికీ నచ్చదు. పదిహేను రోజులయ్యాక పాత రికార్డింగ్ ఒకటి తీసి వినండి, తేడా చెవికి తెలుస్తుంది. వారానికి రెండు మూడు గంటలు ఆన్‌లైన్‌లో ఒక టీచరుతో విడిగా మాట్లాడండి. నాలుగు నెలలు అలా మాట్లాడినా విమానం టికెట్ ఖర్చు కూడా కాదు.

ఉచ్చారణ గురించి ఎక్కువ బెంగ వద్దు, రెండు సంగతులు చూసుకుంటే చాలు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీషు మాటల చివర కూడా ఒక "ఉ" తగిలిస్తాం: బ్యాచు, టెస్టు, రికార్డు. వరుసగా నాలుగు మాటలకు తగిలిస్తే వినేవాళ్లకి మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. ఆ "ఉ"ని కోసేయండి. రెండోది ఒత్తు. "డెవలప్" అన్నప్పుడు మనలో చాలామంది "డె" మీద బరువు వేస్తారు, వాళ్లు "వె" మీద వేస్తారు. "టెంపరేచర్"లో మొదటి అక్షరాన్ని ఒత్తి మిగతావి మింగేస్తారు. మీ పనిలో రోజూ వాడే ఓ యాభై మాటలకు ఒత్తు ఎక్కడో డిక్షనరీ యాప్‌లో విని సరిచూసుకోండి. యాస మార్చుకోవక్కర్లేదు. మీ దగ్గరకొచ్చే ఆడిటర్లు అన్ని దేశాల ఇంగ్లీషులూ విన్నవాళ్లే. జపాన్, చైనా ప్లాంట్లలో దుబాసీని పక్కన పెట్టుకుని తనిఖీలు చేస్తారు. మీరు నాలుగు సెకన్లు ఆగితే వాళ్లకు ఇబ్బంది లేదు. ఆ నాలుగు సెకన్లు ఆగలేకపోయింది మీ మేనేజర్.

ఆయన సంగతి కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీషు వచ్చాక కూడా ఫైలు లాక్కునే చెయ్యి అక్కడే ఉంటుంది. కోపంగా కాదు, ఆడిట్ లేని రోజు చూసి అడగండి: "సార్, నేను రాసిన డీవియేషన్లకి ఈసారి నేనే జవాబు చెబుతాను. ఎక్కడైనా తడబడితే మీరు అందుకోండి." ముందు మీ కంపెనీ సొంతంగా చేసుకునే ఇంటర్నల్ ఆడిట్‌లో ఆ అవకాశం అడగండి. మీ టీమ్‌లో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాళ్లు ఉంటే వాళ్లలో ఒకరిని ఆడిటర్‌గా కూర్చోబెట్టుకుని లంచ్‌లో పదిహేను నిమిషాలు ప్రాక్టీసు చేయండి. వాళ్లతో తెలుగులోకి జారిపోయే వీలుండదు. ఆడిట్ జవాబుకి ఒక పద్ధతి పెట్టుకోండి: ముందు ఒక్క వాక్యంలో సమాధానం, తర్వాత కారణం, తర్వాత డాక్యుమెంట్ చూపించి ఆపేయడం. అడగనిది చెప్పకూడదు, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఇంకో మూడు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేలా ఉండాలి: ప్రశ్న మరోసారి అడుగుతారా అనేది, మీరు అడిగింది ఇదేనా అనేది, రికార్డు చూసి చెబుతాను అనేది. గొంతు పట్టేసినప్పుడు ఈ మూడింట్లో ఏదో ఒకటి బయటికొస్తే చాలు, మిగతాది వెనకాలే వస్తుంది.

నాలుగు నెలలు ఇలా చేశాక మీరే చూసుకోండి. ఇంటర్నల్ ఆడిట్‌లో మీ ఫైలు మీరే చెప్పగలిగితే, విదేశం అవసరమా అని మీకే అనిపించవచ్చు. అనిపిస్తే డబ్బు మిగిలింది. లేదు, ఇంకా ముందుకెళ్లాలి, క్వాలిటీ హెడ్ దాకా ఎదగాలి అనిపిస్తే అప్పుడు వెళ్లండి, ఆ నాలుగు వారాలు దండిగా పనికొస్తాయి. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్‌కి మాత్రం విలువ ఆశించకండి. వెళ్లినందుకు అందరికీ ఇచ్చే కాగితం అది. కంపెనీ మారడానికో వలసకో రుజువు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్ష వేరే రాసుకోవాలి, దాని స్కోరు రెండేళ్లు చెల్లుతుంది.

అమ్మగారికి ఏం చెప్పాలని మీరు అడగలేదు గానీ, ఉత్తరం చివర్లో ఆవిడ మాట ఉంది. పెళ్లా, ఇంగ్లీషా అన్న వాదనలోకి దిగకండి, అది తెగదు. ఉద్యోగం మానడం లేదు, అప్పు చేయడం లేదు, ఫిలిప్పీన్స్ అయితే ఉన్నదాంట్లో సుమారు రెండు లక్షలు దాటి ముట్టుకోను, నెల రోజుల్లో ఇంట్లో ఉంటాను అని లెక్క చెప్పండి. మొదట విన్న ప్లానులో వీటిలో ఒక్కటీ లేదు, ఆవిడ భయం న్యాయమైనదే.

ఈ లోపు పాస్‌పోర్టు బయటికి తీసి తేదీ చూడండి. షెంగెన్‌కైతే తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు గడువు ఉండాలి, పుస్తకం పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలు కావాలి. మిగతా చోట్లకు ఆర్నెల్ల గడువు ఉంటే నిశ్చింత. రెన్యువల్ చేయించాలంటే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లిరావడమే కాబట్టి అది ఇప్పుడే పూర్తిచేసుకోండి. హెచ్‌ఆర్‌ని సెలవు అడిగేటప్పుడు ఆడిట్ల సీజన్ చూసుకుని తేదీలు ఇవ్వండి. సెలవు మంజూరు కాగితం చేతికి వచ్చేదాకా ఏ స్కూలుకీ పైసా కట్టకండి.